డబ్బీల వదిన

మొన్న మా వదినను దహనం చేసి వచ్చాం. వానకు తడిసిన కట్టెలు ఓ పట్టాన అంటుకోలేదు. పొగకు కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డ జనానికి మా సమాజం పెద్దమనిషి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. హిందీలోనే ఇచ్చాడు లెండి, తెలుగులో చెబితే అర్థమయ్యేవాళ్ళం ఇప్పుడు ముసలాళ్ళమే మిగిలాం. ఆమె ఓర్పుగల తల్లి అన్నాడు. తనకు కీడు చేసినవాడికి కూడా తన చేతులతో మందు పోసి బతికించిన క్షమామూర్తి అన్నాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఆమె బతికుండగా ఎదురుగా నిలబడి ఆ మాట అని ఉంటే చేతిలో ఉన్న డబ్బీ తీసి వాడి మొహాన కొట్టి ఉండేది.

ఆమె ఎవర్నీ క్షమించలేదు. మందు పోసిన మాట నిజమే. ఎందుకు పోసిందో నాకు తెలుసు, పోయించుకున్నవాడికి తెలుసు. మేమిద్దరం కూడా పోతే ఆమెను దేవతను చేసి, పటం కట్టించి, దండ వేసేస్తారు. అది జరగకూడదని ఇది రాస్తున్నాను.

ఆమెకూ నాకూ రక్తసంబంధం లేదు. ఆమె పెనిమిటీ నేనూ ఒకే ఓడలో ఫిజీకి వచ్చాం. ఇక్కడ దాన్ని జహాజీ అంటారు, తోబుట్టువు కన్నా ఎక్కువ. విశాఖపట్నం దాటింది మొదలు ఒకే పళ్ళెంలో తిన్నాం, ఒకే గొంగడి కప్పుకున్నాం. అందుకని ఆయన నాకు అన్న, ఆమె వదిన. లంబాసా నది ఎగువన చెరుకు ఎస్టేటులో మమ్మల్ని ఒకే లైనులో పడేశారు. లైను అంటే పొడుగాటి కొట్టం, మధ్యలో తడకలు, ఒక్కో గదిలో ఒక్కో కాపురం.

అన్న మొదట్లో ఎద్దులాంటి మనిషి. రెండో కోతకల్లా నీరసపడ్డాడు. ముందు పాదాల వేళ్ళ సందుల్లో దురద, తరువాత ఆయాసం, ఆ తరువాత కాళ్ళ వాపు. ఎవరూ చూడకుండా పొయ్యి మట్టి గిల్లుకుని తినేవాడు. రోజుకు కొలిచి ఇచ్చిన చెరుకు వరస పూర్తి చేయలేక గట్టు మీద కూర్చుండిపోయేవాడు. మా గుంపుకు ఒక సర్దారు ఉండేవాడు. మనవాడే, తెలుగువాడే, మా జిల్లావాడే. తెల్ల కులంబర్ గుర్రం మీద తిరిగి అజమాయిషీ చేస్తే, కింద కర్ర పట్టుకుని మమ్మల్ని తోలేది వీడు. కులంబర్ కన్నా వీడి నోరే పెద్దది. అన్నకు వాడు పెట్టిన పేరు కామచోర్. పని దొంగ. ఆ మాట వాడంటే కులంబర్ అన్నాడు, కులంబర్ అంటే లైనంతా అంది. ఆఖరికి కోర్టుకు ఎక్కించారు.

కోర్టులో సర్దారు గంగాజలం ముట్టి ప్రమాణం చేసి చెప్పాడు. వీడు దుక్కలా ఉన్నాడు, జబ్బూ లేదు గిబ్బూ లేదు, పని ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నాడని చెప్పాడు. మేజిస్ట్రేటు దొర అన్న వైపు తలెత్తి కూడా చూడలేదు. జైలు వేశాడు. అక్కడ రాళ్ళు కొట్టించి, తిరిగి తెచ్చి మళ్ళీ చెరుకులోకే దింపారు. ఒక మధ్యాహ్నం వరసలో బోర్లా పడ్డాడు. సర్దారు వచ్చి కాలితో పొడిచి, లేవరా, నాటకాలు చాలు అన్నాడు. మళ్ళీ పొడిచాడు. వదిన పక్క వరసలోంచి పరుగెత్తుకొచ్చి వెల్లకిలా తిప్పేసరికి ప్రాణం లేదు. వాడు పొడిచింది శవాన్ని. తోట చివర గుట్ట కింద పూడ్చాం.

అప్పుడు ఆమె ఏడవలేదు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

“మరిదీ, ఆయన నిజంగా కామచోరేనా?”

ఆ ప్రశ్నకు కోపం వచ్చి నేను కసిరాను. ఆమె తిరిగి కసిరింది. నువ్వు కాదంటావు, నేను కాదంటాను, వాడు అవునంటాడు, ఎవడు చూసి చెప్పాడు అంది. ఆమెకు కావలసింది ఓదార్పు కాదు, రుజువు. అది నాకు తరువాత గాని తెలియలేదు.

ఆ ఏడు కోత ముగిశాక సూవా నుంచి ఒక డాక్టరు దొర వచ్చాడు. కూలీల కడుపుల్లో పురుగులున్నాయా లేవా అని వెతకడమే ఆయన పని. ఇంగ్లండు సీమలో ఏళ్ళ తరబడి ఆ పరీక్షలే చదువుకుని వచ్చాడట. ఎస్టేటు ఆస్పత్రి వెనక గదిలో, కంటికి ఆననివి పెద్దవి చేసి చూపే దుర్భిణి పెట్టాడు. మిషను బడిలో నేర్చుకున్న నా ముక్కల ఇంగ్లీషు పుణ్యమా అని నన్ను తర్జుమా చేసి చెప్పే పనికి తీసుకున్నారు. పద్ధతేమిటంటే లైనులో ప్రతి మనిషికీ నంబరు అంటించిన చిన్న తగరపు డబ్బీ ఇస్తారు. తెల్లారి అందులో తమ మలం కాస్త వేసి ఇవ్వాలి. అందులోంచి పుల్లతో పిసరంత తీసి, గాజుపలక మీద చుక్క నీళ్ళలో కలిపి, పైన పల్చటి గాజుబిళ్ళ వేసి దొర దుర్భిణిలో చూస్తాడు. పురుగు కనబడదు. పురుగు పేగుకు కరుచుకుని లోపలే ఉండి రక్తం తాగుతుంది. కనబడేవి దాని గుడ్లు.

మరి ఆ డబ్బీలు ఎవరు పోగు చేయాలి? ఎవరు కడగాలి? గిర్మిట్‌లో, అంటే మేం వేలిముద్ర వేసి వచ్చిన ఈ కూలి ఒప్పందంలో, కులం గంగలో కలిసిందని అందరూ చెప్పుకునేవాళ్ళే గాని, ఆ పని అనేసరికి అందరికీ కులాలు గుర్తొచ్చాయి. వదిన వెళ్ళి నేను చేస్తానంది. ఆమె మంచి సంసారుల ఇంటి పిల్ల. ఆ రోజు నుంచి లైనులో ఆమె చేతి మంచినీళ్ళు ఎవరూ తాగలేదు. డబ్బీలది అని పేరు పెట్టారు. ఆమె ఆ పేరుకే పలికేది.

ఆ రోజుల్లో ఆమె ఎలా ఉండేదో చెబుతాను. కోకను మోకాళ్ళ పైకి దోపుకుని, నడుముకు గోనెపట్టా కట్టుకుని, ఆస్పత్రి వెనక కిరసనాయిలు డబ్బాలో సోడా వేసి నీళ్ళు మరిగిస్తూ కూర్చునేది. చేతులు బూడిదతో రుద్ది రుద్ది తెల్లగా పాలిపోయి ఉండేవి. దొర కొత్తగా ఉప్పునీటి పరీక్ష మొదలుపెట్టినప్పుడు ఆ నీళ్ళు కలిపే పనీ ఆమెదే. ఊరగాయకు కలిపినట్టు, ఇక ఉప్పు కరగను అని అడుగున కూర్చునేదాకా కలిపేది. అందులో మలాన్ని పల్చన చేసి కాసేపు ఉంచితే మడ్డి అడుక్కు దిగి గుడ్లు పైకి తేలతాయి. నాలుగు గుడ్లున్నవాడు కూడా దొరికిపోతాడు. ఆ పరీక్ష అంటే ఆమెకు తగని ఇష్టం. దాక్కున్నదాన్ని పైకి తెస్తుంది అనేది.

దొర జబ్బు మనుషుల కింది రెప్పను వేలితో కిందికి లాగి రంగు చూసేవాడు. ఎర్రగా ఉంటే రక్తం ఉన్నట్టు, పాలిపోయి ఉంటే పోయినట్టు. వదిన అది పట్టేసింది. ఇక ఆమె ఎదుటపడితే ఎవరి కళ్ళకూ రక్షణ లేదు. నీళ్ళకు పోయే ఆడదాన్ని ఆపి రెప్ప లాగేది. పెళ్ళి పీటల మీద పెళ్ళికొడుకు రెప్ప లాగింది. రామభజన చేస్తున్న పంతులు రెప్ప పాట మధ్యలో లాగితే ఆయన తాళం తప్పాడు. పిల్లను పొగిడితే తల్లులకు కోపం రాదు గాని, ఈమె పిల్లను పొగడదు, రెప్ప లాగి “తెల్లగున్నాది, డబ్బీ అట్టుకురా” అని పోతుంది. తిట్టుకుంటూనే తెచ్చేవాళ్ళు.

ఆమెకు ఊతపదం ఒకటుండేది. “సూడకుండా సెప్పకు.” వాన వస్తుందంటే అదే మాట. వంకాయ పుచ్చిందంటే అదే. ఫలానావాడు తాగుబోతు, ఫలానాది చెడింది అని ఎవరైనా మొదలుపెట్టారా, చేతిలో ఉన్న పని ఆపి, మెల్లిగా ఆ మనిషి వైపు తిరిగి, సూడకుండా సెప్పకు అనేది. దొరను కూడా వదల్లేదు. ఒకసారి ఆయన ఒక పలక చూడకుండానే, ఈ మనిషి నల్లగా నిగనిగలాడుతున్నాడు, వీడికేం ఉండదు అన్నాడు. నేను తర్జుమా చేసి చెప్పగానే ఆమె పలకను ఆయన ముందుకు జరిపి అక్కడే నిలబడింది. ఆయన నవ్వి చూశాడు.

ఇక మా వాళ్ళ సిగ్గు సంగతి. పెద్దమనుషులమనుకునేవాళ్ళకు తమ మలం తాము డబ్బీలో వేసి ఇంకొకరి చేతికివ్వడం చావుతో సమానం. అందుకని కొందరు డబ్బీని వేరేవాళ్ళ చేత నింపించేవాళ్ళు. ఒక్కో ఇంట్లో ఒకరే అందరి డబ్బీలూ నింపేవారు. కళ్ళు పాలిపోయి నడవలేనివాడికి కూడా ఏమీ లేదని తేలేది. దొర జుట్టు పీక్కునేవాడు. వదిన గుమ్మం గుమ్మానికీ వెళ్ళి బూతులు తిట్టింది. నీదేమైనా బంగారమా, దాచుకుని ఏం చేసుకుంటావు అని అడిగింది. దగ్గరుండి మళ్ళీ నింపించింది. అలా ఒక్కరిని కూడా తప్పించుకోనివ్వలేదు.

ఒక్కరిని తప్ప.

సర్దారు ఆమెను చూస్తూనే మొహం తిప్పుకునేవాడు. డబ్బీ ఇచ్చినప్పుడు దాన్ని కర్రతో ఆమె వైపే నెట్టి, కులంబర్ ఇంటి వంటవాడి చేత నింపించి తీసుకుపో, నా పేరు చెప్పు అన్నాడు. వంటవాడు కులంబర్ పాత బూట్లు తొడుక్కు తిరిగే మనిషి. ఆ పురుగు ఒట్టికాళ్ళ చర్మంలోంచి లోపలికి పోతుందని దొర నా చేత అందరికీ చెప్పించాడు, సర్దారూ విన్నాడు. వింటే ఏం, వాడికి పరువు ముఖ్యం. వదిన అప్పటికే వాడి కళ్ళు చూసింది. ముట్టుకుని చూడనక్కర్లేదు, నిలబడ్డ చోటు నుంచే తెలుస్తోంది. సరే అంది. వాడు చెప్పింది చెప్పినట్టు చేసింది. పరీక్షలో సర్దారు నిక్షేపంలా ఉన్నాడని తేలింది. వాడు ఆ మాట ఎస్టేటంతా చాటుకున్నాడు.

డబ్బీలు మరిగిస్తూ ఆమె నాకీ సంగతి చెప్పినప్పుడు నేను పొట్ట పట్టుకు నవ్వాను. ఆమె నవ్వలేదు. పొయ్యిలో పుల్ల ఎగదోసింది. నువ్వు దొరతో చెప్పకు అని మాత్రం అంది. నేను చెప్పలేదు. ఇప్పటికీ నాకు దానికి పిసరంత విచారం లేదు. శవాన్ని పొడిచిన కాలు అది.

మందు తిన్నవాళ్ళు తేరుకున్నారు. బుగ్గలు నిండాయి, వరసలు పూర్తవుతున్నాయి. సర్దారు మాత్రం దిగిపోతున్నాడు. ముందు గట్టు ఎక్కడానికి కర్ర ఊతం పట్టాడు. తరువాత గట్టు ఎక్కడమే మానేశాడు. ఇక్కడి మత్తు వేరు నూరి కలిపే యాంగోనా తాగే చోట కూర్చుంటే లేపడానికి మనిషి కావలసి వచ్చేది. కులంబర్ ముందు కసిరాడు, తరువాత కర్ర లాక్కుని గుద్దలి ఇచ్చాడు. సర్దారీ పోయింది. మాలాగే వరస పట్టాడు. పట్టిన వరస పూర్తి కాలేదు. జబ్బుగా ఉంది దొరా అని వాడు మొత్తుకుంటే, పరీక్షలో ఏమీ లేదు కదా అన్నాడు కులంబర్. ఆపైన తనకు తెలిసిన ఒకే ఒక్క హిందీ మాట అన్నాడు. కామచోర్. ఆ మాట వాడికి నేర్పింది ఈ సర్దారే.

ఆ రోజు పక్క వరసలో నేనున్నాను. నా జన్మలో అంత కమ్మటి మాట వినలేదు. సాయంత్రం వదినకు చెబితే, మళ్ళీ చెప్పు అని అడిగి మరీ విన్నది.

కోర్టుకు ఎక్కిస్తామన్నారు. అప్పుడు వాడి పెళ్ళాం వచ్చి వదిన కాళ్ళ మీద పడింది. వదిన ఆమెను లేపి, అలవాటు కొద్దీ రెప్ప లాగి చూసి, ముందు నీ డబ్బీ అట్టుకురా, నీతో నాకు పగ లేదు అంది. మొగుడి మాటెత్తితే మాత్రం ఒక్కటే చెప్పింది.

“ఆడి డబ్బీ ఆడే నింపాల. ఆడి సేత్తో ఆడే ఒట్టుకుని, పట్టపగలు, లైను మద్దిలోంచి నడిసి రావాల.”

వచ్చాడు. ఆదివారం, పని లేని రోజు, అందరూ గుమ్మాల్లో ఉన్నారు. వాపుకాళ్ళు ఈడ్చుకుంటూ, చేతిలో డబ్బీతో, లైను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఒకప్పుడు వాడు వస్తుంటే లేచి నిలబడినవాళ్ళు ఒక్కరూ లేవలేదు. ఆస్పత్రి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. డబ్బీ అందుకోలేదు. ముందు చెప్పు అంది. వాడికి అర్థమైంది. తల దించుకుని ఏదో గొణిగాడు. ఆమె కదల్లేదు. దొర లోపలి నుంచి ఏమిటీ ఆలస్యం అని అడుగుతున్నాడు. నేను ఏమీ తర్జుమా చేయలేదు. అప్పుడు వాడు తలెత్తి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

“నీ పెనిమిటి కామచోర్ కాడు. ఆడికి రోగం. నాను సూడకుండా సెప్పినాను.”

దొర పలక చూసి ఈల వేశాడు. ఒక్క చూపులో లెక్కపెట్టలేనన్ని గుడ్లు. ఆమెను పిలిచి చూడమన్నాడు. ఆమె వంగి ఒంటి కన్నుతో చాలాసేపు చూసింది. తరువాత పక్కకు జరిగి, నువ్వూ చూడు అని సర్దారును దుర్భిణి దగ్గరకు రమ్మంది.

“సూడు. నా మొగుడి సోమరితనం. నీ కడుపులో గుడ్లెట్టింది.”

ఇక మందు సంగతి. సమాజం పెద్ద చెప్పిన మందు ఇదే. విరేచనాలకు ఉప్పు తాగించి, కడుపు మాడ్చి, తైమాల్ పొడి గుళికల్లో పెట్టి మింగిస్తారు. అది పురుగుకు విషం. దాని మీద సారా గాని నూనె గాని పడిందా, మనిషికీ విషమే. దొర ఆ మాట నా చేత మళ్ళీ మళ్ళీ చెప్పించేవాడు. సర్దారు గుళికలు మింగి మంచం మీద మూలుగుతుంటే, వాడి పాత నేస్తం ఒకడు పరామర్శకు వచ్చి, నీరసానికి మంచిదని రమ్ము సీసా తలగడ కింద దూర్చి పోయాడు. వాడు ఆవురావురుమంటూ బిరడా తీశాడు. గదిలో నేను, వదిన, అంతే. నేను కదల్లేదు. నిజం చెబుతున్నాను, తాగితే బాగుండునని చూస్తూ నిలబడ్డాను.

వదిన ఒక్క అంగలో వెళ్ళి సీసా గుంజుకుంది. వాడు పెనుగులాడితే చేతి మీద కొట్టింది. కిటికీలోంచి రమ్మంతా పారబోసింది. రోజంతా వాడి మంచం కోడు ఆనుకుని కూర్చుంది, కుండలో నీళ్ళు తప్ప ఇంకేదీ వాడి దరికి పోనివ్వలేదు. నేను ఉక్రోషం పట్టలేక బయటకు పిలిచి, నీకేం పుట్టింది వదినా, వాడి మీద జాలేమిటి అని అడిగాను. ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. నేనొక మొద్దునన్నట్టు చూసింది.

“జాలేటి మరిదీ. ఆడు సచ్చిపోతే ఎవుడు సెప్తాడు? నువ్వు సెప్తే సుట్టం సెప్పినట్టు. నాను సెప్తే పెళ్ళాం సెప్పినట్టు. కోర్టులో సెప్పిన నోరు ఆడిది. ఆడు బతకాల.”

బతికించింది. కాళ్ళ వాపు తీసిపోగానే వాణ్ణి లంబాసా కోర్టుకు నడిపించింది. మేజిస్ట్రేటు మారాడు, కేసు ఎప్పుడో ముగిసింది, చచ్చినవాడి సంగతి ఇప్పుడు ఎవరికి కావాలి అని గుమాస్తా మెట్ల మీద నుంచే పొమ్మన్నాడు. ఆమె వాణ్ణి తిరుగుదారి పట్టించింది. తిన్నగా ఇంటికి పోకుండా, తోట చివర గుట్ట కిందికి తీసుకుపోయింది. వాళ్ళు వినకపోతే మానె, వినవలసినవాడు ఇక్కడున్నాడు అంది. వాడు చెప్పాడు.

అదొక ఆనవాయితీ అయింది. ఏటా కోత మొదలయ్యే ముందు వచ్చే అమావాస్య ఉదయం ఆమె వాడి గుమ్మం ముందు నిలబడేది. పిలిచేది కాదు. వాడు చొక్కా వేసుకుని వచ్చేవాడు. గిర్మిట్ రద్దయి, ఎవరి గడువు వాళ్ళకు తీరి, ఎవరి ముక్క చెక్క పొలం వాళ్ళకు వచ్చినా ఆ నడక ఆగలేదు. వాడి కొడుకులు పెళ్ళీడుకొచ్చారు, ఊళ్ళో పెద్దరికం వచ్చింది. మీ నాన్న ఎక్కడికిరా అని అడిగితే కొడుకులు మాట మార్చేవాళ్ళు. ఒక ఏడు జ్వరమని పడుకుంటే ఆమె లోపలికి వెళ్ళి రెప్ప లాగి చూసి, జ్వరం లేదు, లే అంది. వాడు లేచాడు.

నిన్న ఆ అమావాస్య. బూడిద ఇంకా చల్లారలేదు. తెల్లవారగానే నేను వాడి ఇంటికి వెళ్ళాను. వరండాలో కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. చాలా ఏళ్ళ తరువాత వాడి మొహంలో తేటదనం చూశాను. నన్ను చూసి కప్పు కింద పెట్టి, ఆవిడ పోయింది కదా, ఇంకెందుకు, ముసలాళ్ళమైపోయాం అన్నాడు. మోకాళ్ళు చూపించాడు. కోడలు లోపలి నుంచి తొంగి చూసింది. నేను గుమ్మం ముందు అలాగే నిలబడ్డాను. టీ చల్లారిపోయింది. వాడు మెల్లిగా లేచి చొక్కా వెతుక్కున్నాడు.

గుట్ట కింద గడ్డి ఎత్తుగా పెరిగింది. కాళ్ళతో తొక్కి చోటు చేశాను. వాడు తల దించుకుని, పెదవులు కదిపి, గబగబా ఏదో అనేసి, వెనక్కు తిరగబోయాడు.

“ఇనపళ్ళేదు,” అన్నాను. “మళ్ళీ సెప్పు.”